గురువారం దుప్పి చివరి నాలుగు నిమిషాలు

మా నెల్లూరులో దుబాయ్ వెళ్ళొచ్చినవాణ్ణి ముందు అడిగేది బంగారం ఎంత తెచ్చావని. తర్వాత సెంటు సీసా ఏదని. 2006 మే నెలలో నేను వెళ్ళింది ఒక పాట చివర నాలుగు నిమిషాలు వినడానికని చెబితే, అడిగినవాళ్ళు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మా ఆవిడ మీరాబీ వైపు తిరిగి "మనిషి ఒంట్లో బాగానే ఉండాడా?" అని వాకబు చేసేవారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

బయలుదేరడానికి కారణం

నాకు ట్రంకు రోడ్డు పక్క సందులో రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. మనిషి కాగితం మీద పాటలు రాసుకొస్తే, వాటిని రికార్డుల మీద నుంచి ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. క్యాసెట్టు ఎక్కడ అయిపోతే పాట అక్కడ అయిపోయినట్టే, చరణం మధ్యలో తెగినా సరే. ఎవరైనా దెబ్బలాటకు వస్తే "ముందున్న పన్నెండు పాటలూ పూర్తిగానే ఉండాయి గదయ్యా" అని పంపించేవాణ్ణి. ఎంతమంది ఉసురు పోసుకున్నానో ఆ పైవాడికే తెలుసు.

1984లో చక్కెర ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి స్వీడన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఒక మధ్యాహ్నం మా కొట్టుకు ఒక రికార్డు పట్టుకొచ్చాడు. అట్ట మీద బస్టాపులో గొడుగు వేసుకుని కూర్చున్న ఒక పెద్ద కొమ్ముల దుప్పి బొమ్మ. వాళ్ళ ఊరి కుర్రాళ్ళ బ్యాండట. పేరు నాకు నోరు తిరగలేదు. అర్థం మాత్రం 'గురువారం దుప్పి' అని చెప్పాడు. చేసింది ఆ ఒక్క రికార్డేనట, తర్వాత విడిపోయారట. గెస్ట్ హౌసులో టేపు రికార్డరు తప్ప ఇంకేమీ లేదు, దీన్ని క్యాసెట్టులోకి ఎక్కించి పెట్టమన్నాడు.

రికార్డు రెండో వైపంతా ఒకటే పాట. ఇరవై నాలుగు నిమిషాలని అట్ట మీదే రాసి ఉంది. ఇరవయ్యో నిమిషంలో ఆర్గాన్ మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతోంది, వెనక డ్రమ్ములు ఊగిపోతున్నాయి, ఇక ఏదో పెద్ద సంగతి జరగబోతోందని నేను కూడా స్టూలు మీద నుంచి లేచాను. టక్. కరెంటు పోయింది. సందు మొత్తానికీ పోయింది. ఆయనకు అయిదింటికి మద్రాసు రైలు. నాలుగున్నర దాకా చూసి, రికార్డు తీసుకుని, సగం క్యాసెట్టు నాకే ఇచ్చేసి, గుమ్మంలో ఆగి "చివరే బాగుంటుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట చెప్పకుండా పోయి ఉంటే నా బతుకు వేరుగా ఉండేది.

మొదట ఆ పాట ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆవు మెడలో గంట, పిల్లనగ్రోవి, ఎవరో చెక్క మెట్లు దిగుతున్న చప్పుడు. మధ్యమధ్య ఒకాయన పాడతాడు గానీ, పాడటం కంటే దూరంగా పోతున్నవాణ్ణి పిలుస్తున్నట్టు ఉంటుంది. వినగా వినగా అది నన్ను పట్టుకుంది. రోజూ కొట్టు కట్టేముందు పెట్టుకునేవాణ్ణి. మిగిలిన ఖాతాదారులు కూడా గబగబా లేచిపోయేవారు కాబట్టి కొట్టు కట్టడానికి అదొక సదుపాయం. ప్రతిసారీ ఇరవయ్యో నిమిషంలో టక్.

"వచ్చిన తుమ్ము ఆగిపోయినట్టుండాది నాకు. ఇన్నేళ్ళుగా ముక్కులోనే ఉండాది" అనేది మీరాబీ.

సీడీలు వచ్చి కొట్టు మూతపడింది గానీ టక్ మాత్రం పోలేదు. మా మేనల్లుడు సిలార్ దుబాయ్‌లో కంప్యూటర్ల కొట్లో పని చేస్తాడు. వాడొక రోజు ఫోన్ చేశాడు.

"మామా, నీ దుప్పి బ్యాండు మనిషి ఒకాయన ఈడ్నే ఉండాడు, అబుదాబిలో! అదేందో కంపెనీలో పంపులు చూసుకుంటాడంట. క్యాసెట్టు మీద ఆ ఇంజనీరు రాసిన పేరు కొట్టి చూస్తే ఇంటర్నెట్టులో దొరికినాడు. రికార్డు కూడా ఒకటి ఉండాదంట."

"పాట పంపమను మరి!"

"అడిగినాను. పంపడం నాకు తెలీదు, మీ మామనే రమ్మను, కాఫీ ఇస్తానని రాసినాడు."

ఇది విని నేను ఆలోచిస్తుంటే మీరాబీ తన రెండు గాజులు తీసి బల్ల మీద పెట్టింది. "పోయి ఆ పాటేందో అయిపోగొట్టుకోని రాండి. మీ ప్రాణానికి కాదు, నా ప్రాణానికి" అంది. గాజులు వద్దని చీటీ పాట ముందే పాడేసి టికెట్టు కొన్నాను.

కరామా

సిలార్ ఉండేది కరామాలో, మూడంతస్తుల పాత భవనంలో ఒక గది. గది అంటే ఏడు మంచాలు, ఏడు పరదాలు. ఒక్కొక్క పరదా వెనక ఒక్కొక్క సంసారం: దేవుడి పటం, పెళ్ళాం ఫోటో, అలారం గడియారం, ఊరికి పంపడానికి కొని పెట్టుకున్న పాలపొడి డబ్బాలు. ఇంత ఇరుకులోనూ చెప్పులు మాత్రం గుమ్మం బయట వరసగా ఉన్నాయి. మా ఇంట్లో ముగ్గురం ఉంటే మూడు జతలు మూడు దిక్కుల్లో ఉంటాయి.

కింద హోటల్లో దోసె నాలుగు దిర్హాములు. నేను వచ్చిన రోజున ప్రతిదాన్నీ పన్నెండుతో గుణించి, నలభై ఎనిమిది రూపాయల దోసె గొంతు దిగక అవస్థపడ్డాను. రెండో రోజు సిలార్ నా చెయ్యి పట్టుకుని "గుణించొద్దు మామా, ఈడ గుణించినోడు తినలేడు" అని చెప్పాడు. మూడో రోజుకు గుణించకుండా మూడు దోసెలు తిన్నాను. దోసె మాత్రం దోసెలాగే ఉంది. చట్నీలో మన మిరపకాయ లేదు, మర్యాద ఉంది.

ఇంకొక తిప్పలు. నా పేరు మస్తానయ్య అని వినగానే ప్రతివాడూ నాతో ఉర్దూ మొదలుపెడతాడు. మేము దూదేకులవాళ్ళం, మా ఇంట్లో తెలుగే. కిరాణా కొట్టు మలయాళీ నాతో హిందీ మాట్లాడాడు, నేను ఇంగ్లీషులో జవాబిచ్చాను, ఆయన అరబ్బీలో ఖలాస్ అన్నాడు, చివరికి సబ్బు అడిగితే చేతికి వెన్న వచ్చింది. మార్చుకోవడానికి భాష చాలక దాన్నే రొట్టెకు రాసుకుని తిన్నాం.

గురువారం సాయంత్రం గదిలో అందరూ ఉన్నారు. "ఏ పాట కోసం వచ్చినవ్, మాకూ వినిపియ్యరాదే" అని కరీంనగర్ గంగన్న అడిగాడు. ఆయన ప్లంబరు, గదిలో అందరికంటే పాతకాపు. నేను తెచ్చుకున్న చిన్న టేపు రికార్డరులో క్యాసెట్టు పెట్టాను. అయిదు నిమిషాలయ్యాక గంగన్న మర్యాదగా అడిగాడు:

"గీ పాటల మాటలెప్పుడొస్తయే?"

"తొమ్మిదో నిమిషంలో."

పది నిమిషాలకు ఇద్దరు పరదాలు వేసుకున్నారు. ఒకాయన చెవుల్లో దూది పెట్టుకుని, నేను చూశానని తీసేశాడు. పదిహేనో నిమిషంలో ఆర్గాన్ ఎక్కడం మొదలయ్యాక వేసిన పరదాలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. ఇరవయ్యో నిమిషానికి ఏడుగురూ మంచాల అంచున ముందుకు వంగి కూర్చున్నారు. టక్.

గంగన్న టేపు రికార్డరును రెండుసార్లు చేత్తో తట్టాడు.

"మరి గాడికెళ్ళి ఏమైతది?" అన్నాడు గంగన్న.

"తెలీదన్నా. అది తెలుసుకోవడానికే రేపు అబుదాబి పోతున్నా."

ఆయన లేచి నిలబడి, రేపు ఏమైందో ఫోన్ చేసి చెప్పకపోతే తాళం మార్పిస్తానని సిలార్‌ను బెదిరించాడు. ఇరవై రెండేళ్ళు నేనొక్కణ్ణే మోసిన బరువును ఏడుగురు పంచుకున్నారు. ఆ రాత్రి నాకు సుఖంగా నిద్రపట్టింది, వాళ్ళకు పట్టలేదని సిలార్ చెప్పాడు.

అబుదాబి రోడ్డు

శుక్రవారం సిలార్‌కు సెలవు. పొద్దున్నే బస్సులో అబుదాబి చేరి, అక్కడి నుంచి ముసఫ్ఫాకు టాక్సీ ఎక్కాం. డ్రైవరు పెషావర్ పఠాన్, పెద్ద గడ్డం, నవ్వు మొహం. కారులో క్యాసెట్టు పెట్టే సదుపాయం చూసి నాకు చెయ్యి దురద పెట్టింది. "భాయ్, గానా" అని క్యాసెట్టు చూపించాను. ఆయన సంతోషంగా పెట్టాడు.

ఎనిమిదో నిమిషంలో, ఆవు గంట, చెక్క మెట్లు కలిసి వచ్చే చోట, పఠాన్ మొహంలో నవ్వు పోయింది. చెవి కొంచెం పక్కకు పెట్టాడు. వేగం తగ్గించాడు. చివరికి రోడ్డు పక్కకు తీసి "గాడీ మే కుచ్ ఖరాబీ హై" అంటూ దిగి బానెట్ ఎత్తాడు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఇంజన్ మీద నీళ్ళు పోశాడు, ఒక గొట్టం బిగించాడు, ఇంకొకటి వదులు చేశాడు. అది పాటేనని సిలార్ ఎంత చెప్పినా వినడు. క్యాసెట్టు తీసేశాక చప్పుడు ఆగిపోయింది గదా, అందుకని తాను బిగించిన గొట్టమే పని చేసిందని ఆయన నిశ్చయం. ముసఫ్ఫాలో దిగేటప్పుడు అయిదు దిర్హాములు తగ్గించి తీసుకున్నాడు, బండి చెడిపోయి ఆలస్యమైందని. మన ఊళ్ళో ఆటో చెడిపోతే మనమే తొయ్యాలి, పైగా పూర్తి డబ్బులు ఇవ్వాలి.

ముసఫ్ఫా అంటే గ్యారేజీలు, వెల్డింగు షెడ్లు, కార్మికుల క్యాంపులు. శుక్రవారం కాబట్టి క్యాంపుల ముందు తీగల మీద నీలం యూనిఫారాలు వేలాడుతున్నాయి. రోడ్డు దాటితే అవతల చిన్న చిన్న విల్లాలు. అందులో ఒకటి మన దుప్పి బ్యాండులో బేసు గిటారు వాయించిన బెంగ్ట్ గారిది.

డాబా మీద

తలుపు తీసింది నరసాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన సత్యవతి. ఆ ఇంట్లో వంటా వార్పూ ఆవిడదే. మమ్మల్ని చూడగానే పుట్టింటివాళ్ళు వచ్చినంత సంబరపడింది.

"రండి రండి బాబాయిగారూ! అయ్యగారు చేపలకెళ్ళారండి, నాలుగింటికి వచ్చేస్తారు. మీరు ముందు భోంచెయ్యండి. తెలుగోళ్ళు ఈ గుమ్మం తొక్కి రెండేళ్ళయిపోయిందండి."

చేపల పులుసు, గోంగూర, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ. గోదావరి పులుసుకు మా నెల్లూరు పులుసు ముందు పులుపు చాలదని నా అభిప్రాయం. అన్నం మూడోసారి వడ్డించుకుంటూ ఆ మాట ఆవిడతో చెప్పకుండా ఉన్నాను. తిని, చేతులు కడుక్కుని, ఇక ఆగలేక అడిగాను.

"అమ్మా, రికార్డు ఒకసారి చూడొచ్చా?"

"అదాండి! పైన ఎండలో ఉందండి."

నేను నవ్వాను. సిలార్ నవ్వలేదు.

"ఏసీ చెమ్మకి ఆ బీరువాలో ముక్కిపోయి కంపు కొడుతుందండి. అంత దూరం నుంచి చుట్టాలొస్తుంటే ఆ కంపుతో చేతికెలా ఇస్తామండి? పొద్దున్నే ఒడియాలతో పాటు ఎండేశానండి. మా అమ్మ పట్టుచీరలకి కూడా ఇలాగే చేసేదండి."

నేను మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. డాబా మీద పాత చీర పరిచి, గుమ్మడి ఒడియాలు వరసలు తీర్చి ఉన్నాయి. వాటి చివర బోర్లించిన బేసిను మీద, కాకులు తన్నకుండా పైన గుడ్డ కప్పి, అంచున నాలుగు రాళ్ళు పెట్టి, మన గురువారం దుప్పి. అబుదాబిలో కాకి అనేదాన్ని నేను చూడలేదు, అయినా జాగ్రత్త జాగ్రత్తే. గుడ్డ తీశాను. నూనెలో వేసిన అప్పడంలా అంచులన్నీ వంకర్లు తిరిగి బేసినును కావలించుకుని ఉంది.

"అయ్యబాబోయ్" అంది సత్యవతి. "ఎండేత్తే ఇలా అవుద్దాండి?"

ఆవిడ ఒడియాల పక్కనే కూలబడిపోయింది. "ఆయనే నాకు కఫీలండి. వీసా ఆయన పేరు మీదే ఉంది. పంపించేస్తారు బాబాయిగారూ, ఈ గుండ్రటి దాని కోసం పంపించేస్తారు" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు నా దుఃఖం నాకు గుర్తొచ్చింది, తర్వాతే ఆవిడ దుఃఖం. ఈ వరస రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. లోకంలో ఎక్కడుందో తెలిసిన ఒకే ఒక రికార్డు. ఇరవై రెండేళ్ళు ఆగి, మూడు వేల కిలోమీటర్లు వచ్చి, ఒక్క పూట ఎండకు పోగొట్టుకున్నాను.

కళ్ళు తుడుచుకుని లేచింది కూడా ఆవిడే. "మన ఓబులేసన్న ఉన్నాడండి! ఎలాంటి ముడతయినా తీసేస్తాడు."

ఇస్త్రీ కొట్టు

ఓబులేసుది కడప. ముసఫ్ఫాలో లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. అరబ్బులు తొడుక్కునే పొడుగు తెల్ల కందూరాల మీద ఆయన పెట్టిన మడత మూడు రోజులు కత్తిలా నిలబడుతుందట. శుక్రవారం నమాజు వేళకు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాం. ఆయన రికార్డును రెండు చేతులా పట్టుకుని దీపానికి ఎత్తి చూశాడు.

"ఏందన్నా ఇది, రేకా?"

"పాటన్నా. నలిగిపోయింది. మెల్లగా, చాలా తక్కువ వేడితో చదును చెయ్యాలి. గాజు పలకల మధ్య పెట్టి..."

"అన్నా," అని ఆయన నన్ను ఆపేశాడు. "నువ్వు పాట తెలిసినోడివి. నేను పెట్టె తెలిసినోన్ని. నువ్వు పోయి నమాజు సేసుకోని రాపో. ఏం గాదు, మాఫీ ముష్కిల్."

మసీదుకు వెళ్ళాను. అంతమంది మధ్య నిలబడి అల్లాను ఏమేమి అడగాలో అవేవీ అడగలేదు. ఇస్త్రీ పెట్టె వేడి తగ్గించమని అడిగాను. క్షమించే దేవుడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తిరిగి వచ్చేసరికి రికార్డు బల్ల మీద ఉంది. వంకర అన్నమాట లేదు, కడప బండలా చదునుగా ఉంది. తళతళ మెరుస్తోంది. రికార్డు అలా మెరవకూడదు. వేలితో తడిమాను. అద్దంలా నున్నగా ఉంది, అక్కడక్కడా గుడ్డ నేత అచ్చు పడి ఉంది.

"ఓబులేసన్నా, దీని మీద సన్నటి గీతలుండాలి గదా?"

ఓబులేసు మీసం సవరించుకున్నాడు. "ఉండెనన్నా! అవి తియ్యనీకే ఇంతసేపు పట్టిండేది. ఎన్ని ముడతలనుకుంటివి! ముప్పై ఏండ్ల సర్వీసులో ఇంత సన్న ముడతలు నేను సూల్లేదు. ఒగటొగటే రుద్ది రుద్ది అన్నీ పోగొట్టినా. రెండుపక్కలా."

సిలార్ గోడకు తిరిగి నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నేను అడగలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. ఓబులేసు మాత్రం నేను రికార్డును తడుముతూనే ఉండటం మెచ్చుకోలు అనుకుని వినయంగా ఒక తప్పు ఒప్పుకున్నాడు.

"నడిమద్దెన మాత్రం కొన్ని ముడతలు వదిలేసినా, ఏమనుకోవాకు. ఆడ లేబులుండాది గదా. లేబులుకు సుట్టూరా రెండు వేళ్ళ దూరంలో పెట్టె నిలిపెయ్యాల. మా నాయన నేర్పిండేది. ఎంత పెద్ద ముదీర్, అదే మేనేజరు, వొచ్చి సెప్పినా లేబులు మీదికి పెట్టె పోనీను."

నేను రికార్డును చేతిలోకి తీసుకుని వంచి చూశాను. మధ్యలో కాగితం బిళ్ళ చుట్టూ, రెండు వేళ్ళ వెడల్పున, నల్లగా, గరుగ్గా, గీతలన్నీ అలాగే ఉన్నాయి. రికార్డు ముల్లు బయటి అంచు నుంచి లోపలికి నడుస్తుంది. లేబులు దగ్గరికి వచ్చేది ఆఖరున. ఇరవై నాలుగు నిమిషాల పాటలో ఇరవై నిమిషాలు ఓబులేసు ఇస్త్రీ చేసేశాడు. మిగిల్చింది చివరి నాలుగు. పైన ఇంకో నిమిషం కొసరు.

ఆయన్ను గట్టిగా కావలించుకున్నాను. కూలి ఎగ్గొడతానేమోనని ఆయన మొదట భయపడ్డాడు. సంగతి అర్థమయ్యాక, తాను ఇస్త్రీ చేసిన పాట ఎలా ఉంటుందో వినాలని కొట్టు మూసి మా వెంట వచ్చాడు.

బెంగ్ట్ గారి ఇల్లు

నాలుగింటికి బెంగ్ట్ గారు వచ్చారు. తాటిచెట్టంత మనిషి, ఎండకు ఎర్రబడిన ముక్కు, చేతిలో చేపల బుట్ట. సత్యవతి ఆ బుట్ట అందుకోకుండా ఆయన కాళ్ళ ముందు కూర్చుని తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి నేరం ఒప్పేసుకుంది. ఓబులేసు నిటారుగా నిలబడి, ముడతలన్నీ తీశానని తెలియజేశాడు. సిలార్ తర్జుమా చేశాడు. ఇక్కడి నుంచి బెంగ్ట్ గారి ఇంగ్లీషు మాటల్ని నేనే తెలుగులో రాస్తున్నాను.

ఆయన రికార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మొదటి వైపు కూడా పోయిందా?"

"పోయిందండి."

"మంచిది. అందులో నా గిటారు శ్రుతి తప్పింది."

సత్యవతిని లేవనెత్తి కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఆయనే పెట్టాడు. పంపించేసే మాటేదీ రాలేదు. నేను మాత్రం కాఫీ తాగే స్థితిలో లేను.

"చివర మిగిలింది. వినొచ్చా?"

ఆయన కప్పులో చెంచా తిప్పాడు. "ఆ నాలుగు నిమిషాలూ నేను కూడా వినలేదు," అన్నాడు.

నేను తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని సిలార్ వైపు చూశాను. వాడూ నోరు తెరుచుకునే ఉన్నాడు.

"ఆ రోజు రికార్డింగుకు నేను చేపముక్క పెట్టిన రొట్టె ఒకటి తెచ్చుకున్నాను, మా అమ్మ చేసింది. పాట వాయిస్తుండగా చూస్తే డ్రమ్ములవాడు దాన్ని తింటున్నాడు. ఒక చేత్తో వాయిస్తూ, ఒక చేత్తో! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యో నిమిషంలో గిటారు కింద పెట్టి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాను. మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడితో బ్యాండు అయిపోయింది. ముప్పై నాలుగేళ్ళయింది."

"ఒక్క రొట్టె కోసమా?" అని సత్యవతి తెలుగులోనే అడిగేసింది. సిలార్ తర్జుమా చెయ్యలేదు. ఆయనకు అర్థమైంది.

"నేను లేకుండా వాళ్ళు పాట బాగానే పూర్తి చేసుకుని ఉంటారు. అది వినడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ డ్రమ్ములవాడు పోయిన చలికాలం చనిపోయాడు. అప్పుడు ఈ రికార్డు తెప్పించుకున్నాను. ఒక్కణ్ణే కూర్చుని వినడానికి ధైర్యం చాలలేదు. ఇంతలో నీ మేనల్లుడు రాశాడు, ఇండియాలో ఒక మనిషికి ఇదే నాలుగు నిమిషాలు కావాలని."

ఆయన రికార్డు ప్లేయరు మూత తీసి పక్కకు తప్పుకున్నాడు, ముల్లు నేనే పెట్టాను. ఇరవై ఏళ్ళ పని అది, చెయ్యి మరచిపోలేదు. ఒక వెంట్రుకవాసి బయటికి జరిగితే ఓబులేసు ఇస్త్రీ మీద జర్రున జారిపోతుంది. లేబులుకు రెండు వేళ్ళ దూరంలో దించాను.

ఆర్గాన్ వచ్చింది. ఎక్కుతోంది. నాకు ప్రతి మెట్టూ తెలుసు. నా టక్ ఉండే చోటు వచ్చింది, దాటిపోయింది. ఇంకో రెండు మెట్లు, ఇంకో మెట్టు, డ్రమ్ములు ఒక్కసారిగా ఎగిసి, అన్నీ ఆగిపోయాయి.

నేను తలెత్తి ఫ్యాను వైపు చూశాను. తిరుగుతోంది. కరెంటు ఉంది. రికార్డూ తిరుగుతోంది. పాటలోనే ఆగారు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. బేసు గిటారు ఒంటరిగా అందుకోవలసిన చోటు అదని బెంగ్ట్ గారి మొహం చూస్తే తెలిసింది. ఎవరూ అందుకోలేదు. కొంచెం ఆగి మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కారు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగారు. ఈసారి ఆ ఖాళీలో ఒక గొంతు ఏదో నాలుగు మాటలు అంది, ముద్దగా. బెంగ్ట్ గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు.

మూడోసారి ఎక్కారు. మూడోసారి ఇంకా ఎక్కువసేపు ఆగారు. చివరికి ఆర్గాన్ ఒక్క పొడుగు స్వరం పట్టి వదిలేసింది. అంతే. ముల్లు లేబులు దగ్గర గరగరమంటోంది.

"ఏమన్నాడండీ మధ్యలో?" అని అడిగాను.

ఆయన ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. "డ్రమ్ములవాడే. 'టేపు ఆపకండి, వస్తాడు' అన్నాడు." నవ్వు, ఏడుపు కలిసిన గొంతుతో అన్నాడు: "నోట్లో నా రొట్టె ఉంది. వినలేదూ? నములుతూ అన్నాడు వెధవ."

నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పాటలో ఏ కొండ బద్దలవుతుందో అనుకున్నాను. అందులో ఉన్నది ఒక మనిషి కోసం మిగిలినవాళ్ళు ఎదురుచూడటం. ఓబులేసు అయితే ముక్కు చీదుకుంటూ, ఇంత మంచి పాటని ముందే చెప్పి ఉంటే ఇంకో వేలు వదిలేసేవాణ్ణి గదా అని నా మీద కోప్పడ్డాడు.

"మళ్ళీ పెట్టు," అన్నారు బెంగ్ట్ గారు.

పెట్టాను. ఆర్గాన్ ఎక్కి ఆగింది. ఆ ఖాళీలోకి ఆయన నోరు తెరిచి, "డుమ్... డుమ్, డుమ్" అన్నాడు. గిటారు ఆ ఇంట్లో లేదు, నోటితోనే. అంత మనిషి అంత చిన్నగా అనడం చూసి సత్యవతి కిసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కోసమే ఆగి ఉన్నట్టు ఆర్గాన్ వెంటనే అందుకుంది. రెండో ఖాళీకి ఆయన లేచి నిలబడ్డాడు. మూడోదానికి కళ్ళు మూసుకుని, ఇల్లు అదిరేలా అన్నాడు.

టేపు రికార్డరు, ఖాళీ క్యాసెట్టు వెంట తెచ్చుకున్న సంగతి నాకు ఏడోసారికి గాని గుర్తు రాలేదు. మీరాబీ విన్నది, కరామాలో గంగన్నకు ఫోన్లో వినిపించింది ఆ ఏడోదే. చీకటిపడేలోపల ఆ నాలుగు నిమిషాలూ పదకొండు సార్లు పెట్టాం. ఒక్కసారి కూడా ఆయన ఆలస్యం చెయ్యలేదు.